షెడ్డులో నిలిచిపోయిన పాతకారు: న్యాయమైన ధర కట్టడం

ఏళ్ల తరబడి రోడ్డెక్కకుండా షెడ్డులోనో, పాకలోనో, పెరటి చెట్టు కిందో నిలిచిపోయిన పాతకారుకు అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ ఒప్పుకోదగిన ధర తేల్చే పద్ధతి ఈ వ్యాస విషయం. తిరుగుతున్న కారుకు అంగడి ధర అంటూ ఒకటి ఉంటుంది. నిలిచిపోయిన కారుకు అది ఉండదు కనుక ధరను చివరి నుంచి వెనక్కి లెక్కించాలి. బాగుచేసి, కాగితాలు సరిచేసి రోడ్డు మీద పెట్టాక అలాంటి కారు ఎంత పలుకుతుందో ముందు తేల్చుకోవాలి. అందులోంచి మరమ్మతు ఖర్చు, కాగితాల ఖర్చు, పైకి కనపడని లోపాల కోసం పక్కన పెట్టవలసిన సొమ్ము తీసేయాలి. మిగిలినదే న్యాయమైన ధర. కారు వయసును బట్టి గానీ, ఆ రోజుల్లో కొన్న ధరను బట్టి గానీ, నాన్నగారి జ్ఞాపకాన్ని బట్టి గానీ ఈ అంకె రాదు. పాయకరావుపేట లాంటి సముద్రతీర ప్రాంతంలో ఈ లెక్కను ఇంజను కంటే రేకు, రేకు కంటే కాగితాలు ఎక్కువగా శాసిస్తాయి. చాలా బేరాలు దీనికి తలకిందులుగా జరుగుతాయి. వచ్చినవారు బానెట్ ఎత్తి ఇంజను చూస్తారు, తరువాత రంగు చూస్తారు, బయానా ఇచ్చాక రిజిస్ట్రేషను పుస్తకం, అంటే సి బుక్కు, అడుగుతారు.

స్థలం, గాలి, నీరు

పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలో, తాండవ నది ఒడ్డున ఉంది. నదికి అవతల తుని. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇటు విశాఖపట్నం జిల్లా, అటు తూర్పు గోదావరి జిల్లా. ఇప్పుడు అవతలి ఒడ్డు కాకినాడ జిల్లాలోకి వెళ్లింది. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే పోతుంది. పాతవారు దీన్ని ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డు అనే అంటారు. ఈ రహదారి దక్షిణపు కొసన స్టాండర్డ్ హెరాల్డ్ తయారైన మద్రాసు, ఉత్తరపు కొసన అంబాసిడర్ తయారైన ఉత్తర్‌పారా ఉన్నాయి. పాత విడిభాగాలు ఈనాటికీ దొరికే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ కూడా ఆ రెండు కొసల్లోనే ఉన్నాయి. మధ్యలో విజయవాడ జవహర్ ఆటోనగర్, విశాఖపట్నం గాజువాక ఆటోనగర్ ఉన్నాయి. పేటలో పడి ఉన్న కారుకు మరమ్మతు ఖర్చు అంచనా వేసేటప్పుడు ఇది చిన్న సౌకర్యం కాదు.

సౌకర్యం ఎంతో, ప్రమాదమూ అంతే. మండలంలోని పెంటకోట సముద్రం ఒడ్డునే ఉంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం పుంజుకుంటుంది. ఉప్పు తోడైతే అంతకన్నా తక్కువ తేమలోనే మొదలవుతుంది. తీరంలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఆ గీత పైనే ఉంటుంది. కాబట్టి ఇరవై ఏళ్లు పాయకరావుపేటలో నిలిచిన కారునూ, ఇరవై ఏళ్లు అనంతపురంలో నిలిచిన కారునూ ఒకే గాటన కట్టడం తప్పు. హైదరాబాదులోనో బెంగళూరులోనో అమ్ముడైన ధర చెప్పి అదే ఇక్కడా కావాలనడం అంతకంటే పెద్ద తప్పు.

నిలిపిన చోటు ఎలాంటిదన్నదీ ధరను మారుస్తుంది. సిమెంటు నేల, గాలి ఆడే షెడ్డు, బండి కింద దిమ్మలు ఉంటే మేలు. మట్టి నేల మీద నిలిపి పైన టార్పాలిన్ బిగించి కప్పితే నేలలోని తేమ పైకి వచ్చి పట్టా కింద చిక్కుకుంటుంది; ఎండకు వాడిన రంగు కంటే ఆ చెమ్మ ఎక్కువ చెరుపు చేస్తుంది. పశువులసాల పక్కన నిలిపిన కారైతే ఇత్తడి భాగాలను విడిగా చూడాలి. పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడిని బీటలు వారుస్తుంది. బ్రిటిషు సైన్యం మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు పగిలిపోవడంతో ఈ సంగతి లోహశాస్త్రానికి ఎక్కింది. 1921లో వచ్చిన పరిశోధన దాని కారణాన్ని తేల్చింది. పాత కార్ల రేడియేటర్లు రాగి, ఇత్తడితోనే చేసేవారు.

వరద సంగతి తప్పక అడగాలి. 2012 నవంబరు నాటి నీలం తుపాను వానలు, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ ఈ ప్రాంతపు ఇళ్లలోని వస్తువులన్నిటికీ తేదీ గీతలు. కారు అప్పుడు ఎక్కడుంది, చక్రాల దాకా నీళ్లు వచ్చాయా, సీట్ల దాకా వచ్చాయా అన్నదానికి సమాధానం నోటితో వచ్చినా రాకపోయినా, తలుపు అట్టల వెనక, హెడ్‌లైట్ డోముల అడుగున, వెనక సీటు కింద ఎండిన ఒండ్రు చెబుతుంది.

మిగిలి ఉన్న కార్లు

ఉత్తర కోస్తాలో ఇలా బయటపడే కార్లలో అంబాసిడర్‌దే మొదటి స్థానం. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేసింది. 1962 వరకు వచ్చినవి మార్క్ 1, 1975 వరకు మార్క్ 2, ఆ తరువాత మార్క్ 3, 1979 నుంచి మార్క్ 4. వీటికి ముందు 1954 నుంచి వచ్చిన ల్యాండ్‌మాస్టర్ ఎక్కడైనా దొరికితే అది వేరే లెక్క. రెండోది ఫియట్. ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన 1,089 సి.సి. కారు 1964లో 1100 డిలైట్‌గా వచ్చి, తరువాత ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. ముందు తలుపులు వెనక వైపు కీలుతో తెరుచుకునే తొలి ఫియట్లకు గిరాకీ వేరు. మూడోది స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి 1971 దాకా మద్రాసులో తయారైంది. ఈ మోడల్‌ను నాలుగు తలుపులతో తయారుచేసింది మన దేశంలోనే. మహీంద్రా విల్లీస్ జీపులు, కాంటెస్సా, 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతి 800 కూడా ఇప్పుడు ఈ కోవలోకి చేరాయి.

జమీందారీ ఇళ్లలో అప్పుడప్పుడు వినిపించే షెవర్లే, బ్యూక్ లాంటి అమెరికన్ కార్లు ఎక్కువగా 1954కు ముందువి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించి అమ్మేది. దేశంలో భాగాలు తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలు కొనసాగరాదని ప్రభుత్వం నిర్ణయించాక 1954లో అది మూతపడింది. ఆ తరువాత ముప్పై ఏళ్లు కొత్త కారు కోసం చీటీ రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలం. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1969లో ప్రభుత్వం నిర్ణయించిన కార్ల ధరల మీద వివాదం సుప్రీంకోర్టు దాకా నడిచింది. కొద్దిగా వాడిన ఫియట్‌ను కొత్తదాని ధరకు మించి అమ్ముకోగలిగిన ఆ రోజులు చూసినవారికి కారంటే తరగని ఆస్తి అన్న భావం స్థిరపడిపోయింది. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చెప్పే ధర వెనక ఆ భావమే ఉంటుంది, దాన్ని గౌరవంగానే అర్థం చేసుకోవాలి.

వయసొక్కటే విలువ తేదు. అంబాసిడర్లు, పద్మినీలు లక్షల్లో తయారయ్యాయి. మార్క్ 4 అంబాసిడర్‌కు వయసు నలభై దాటినా, చూడదగిన స్థితిలో ఉన్న బళ్లు ఇంకా చాలా దొరుకుతాయి. అదే మార్క్ 1 అయితే దాని గ్రిల్లు, బ్యాడ్జీలు, గడియారం, స్టీరింగు చక్రం ఉన్నాయా లేదా అన్నదే సగం ధర. హెరాల్డ్‌కు మన అంగళ్లలో భాగాలు దొరకడం కష్టం, కానీ బ్రిటన్‌లో దీని మాతృక అయిన ట్రయంఫ్ హెరాల్డ్ ప్రియుల కోసం అవి ఇంకా తయారవుతున్నాయి. తెప్పించుకోవాలంటే రవాణా, కస్టమ్స్ సుంకం కలుపుకోవాలి. 2023 అక్టోబరులో ముంబయి వీధుల నుంచి చివరి పద్మిని టాక్సీ తప్పుకున్నప్పుడు ఆ కారు మీద దేశమంతా మమకారం పొంగింది. అలాంటి సందర్భాలు అడిగే ధరను పెంచుతాయి, ఇచ్చే ధరను అంతగా పెంచవు.

రేకు

ఇంజను పోతే మరో ఇంజను కడతారు. రేకు పోతే కారే పోతుంది. అంబాసిడర్, ఫియట్ రెండింటికీ విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింది పెట్టె భాగం, స్తంభాలు కలిసే బరువును మోస్తాయి. అందుకే అడుగు చూడని అంచనా అంచనాయే కాదు. చాప పరిచి కిందికి దూరాలి, లేదా జాకీ పెట్టి ఎత్తాలి. జాకీ పెట్టి ఒక పక్క ఎత్తినప్పుడు ఆ పక్క తలుపు మామూలుగా తెరుచుకుని మూసుకుంటే ఒళ్లు గట్టిగా ఉన్నట్టు. తలుపు పట్టేస్తే, సందు మారితే, కింది పెట్టె భాగం లోపల తినేసిందని అనుమానించాలి.

అంబాసిడర్‌లో ముందుగా చూడవలసినవి వెనక కమాను పట్టీలు ఒంటికి తగులుకునే చోట్లు, డిక్కీ అడుగున స్టెప్నీ ఉండే అర, కాళ్ల దగ్గర ఫ్లోరు, మడ్‌గార్డుల లోపలి అంచులు. ఫియట్‌లో తలుపుల కింది అంచులు, ముందు అడ్డకమ్మీ, ఫ్లోరు. హెరాల్డ్ వీటికి భిన్నం. దానికి విడి ఛాసిస్ ఉంది, ఒళ్లు బోల్టులతో దాని మీద కూర్చుంటుంది; ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులు తుప్పుకు మొదటి బలి. అయితే విడదీసి బాగుచేయడం సులువు కనుక, చూడటానికి భయంగా ఉన్న హెరాల్డ్ కొన్నిసార్లు నున్నగా కనపడే అంబాసిడర్ కంటే తక్కువ ఖర్చుతో లేస్తుంది.

లప్పం కింద దాగిన తుప్పును కనిపెట్టడానికి బట్టలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. రేకు మీద అతుక్కుని లప్పం మీద జారిపోతుంది. నీళ్లు నిలిచే అంచుల్లో వేలితో తట్టినా శబ్దంలో తేడా తెలుస్తుంది. టింకరింగు చేసే మేస్త్రిని వెంట తీసుకువెళ్లడం మంచిది. మెకానిక్కును తీసుకెళ్లేవారే ఎక్కువ, కానీ ఈ దశలో టింకరింగు మేస్త్రి మాటే డబ్బు మిగులుస్తుంది. ఎన్ని అడుగుల రేకు కోసి అతకాలో, ఎన్ని రోజుల కూలీయో ఆయన అక్కడే నిలబడి చెప్పగలడు. రంగు ఖర్చు ఆ తరువాతి మాట.

అమ్మేవారికి ఇక్కడ ఒక సలహా అవసరం. అమ్మే ముందు రంగు వేయించవద్దు. వాడిపోయిన అసలు రంగు కారు ఎలా బతికిందో నిజాయితీగా చూపిస్తుంది. కొత్త రంగు చూసిన జాగ్రత్తపరుడు దాని కింద ఏముందోనని మరికాస్త తగ్గించి అడుగుతాడు. దుమ్ము దులిపి, అడుగు కనపడేలా నిలబెట్టి, ఊడిన భాగాలన్నీ ఒక పెట్టెలో సర్ది పక్కన పెడితే చాలు. ఆ పెట్టె విలువ అమ్మేవారికి తెలియక పాత ఇనుముకు పోతుండటం బాధాకరం.

ఇంజను, బ్రేకులు, వైర్లు

నిలిచిపోయిన కారుకు బ్యాటరీ కట్టి సెల్ఫ్ కొట్టడం చేయరాని పని. సిలిండరు గోడలు ఎండి, రింగులు అతుక్కుపోయి ఉంటే ఆ ఒక్క తిప్పుతో బాగుపడగల ఇంజను పాడవుతుంది. ముందు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కొంచెం పలుచటి నూనె పోసి ఒకటి రెండు రోజులు వదలాలి. తరువాత చేత్తో తిప్పి చూడాలి. పాత అంబాసిడర్లకు, ఫియట్లకు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే వీలుంది. మెత్తగా తిరిగితే ఇంజను మీద ఉన్న అనుమానంలో పెద్ద భాగం తీరినట్టే. తిరగకపోతే అంతా అయిపోయిందనీ కాదు. బండి ఆగినప్పుడు ఏదో ఒక సిలిండరు వాల్వు తెరుచుకునే ఉంటుంది. తేమ అందులోంచి దూరి ఆ ఒక్క బోరునే పట్టేసి ఉండవచ్చు. హెడ్ దించి, బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేయడం అంబాసిడర్ 1,489 సి.సి. ఇంజనుకు కొత్త పని కాదు. డిప్‌స్టిక్ మీద నూనె పాలలా తెల్లబడి ఉంటే మాత్రం నీరు కలిసిందని తెలుసుకుని ఖర్చు పెంచుకోవాలి.

బ్రేకు సిలిండర్లు, రబ్బర్లు, గొట్టాలు, క్లచ్ ప్లేటు, పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు, టైర్లు, బ్యాటరీ: ఇవన్నీ పోయాయనే లెక్కలో వేసుకోవాలి. చూడనవసరం లేదు, వాదించనవసరమూ లేదు. బ్రేకు నూనె గాలిలోని తేమ పీల్చుకుని సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. మెరుస్తున్న టైరు కూడా ఏళ్ల తరబడి ఒకే చోట ఆనిన బరువుకు చదునైపోయి ఉంటుంది. పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటుంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రంలు దానికోసం చేసినవి కావు. వాటిని ఇథనాలు తట్టుకునే రకంతో మార్చే ఖర్చును పాత అంచనాల్లో ఎవరూ రాయలేదు, ఇప్పుడు రాయాలి.

వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి. ముక్కలు అతికించే కంటే మొత్తం వైరింగు మార్చడమే క్షేమం, అగ్నిప్రమాదం అక్కడి నుంచే మొదలవుతుంది. మీటరు చూపే కిలోమీటర్ల మీద ఆధారపడవద్దు. పాత మీటర్లకు అయిదు అంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు.

కాగితాలు

మంచి రేకు, తిరిగే ఇంజను ఉండి సి బుక్కు లేని కారు రోడ్డు మీదికి రాలేదు. వ్యక్తిగత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 2025 ఆగస్టు ఉత్తర్వుతో 20 ఏళ్లు దాటిన కార్లకు అది 10,000 రూపాయలైంది. విదేశాల నుంచి దిగుమతి అయిన కార్లకు 80,000. ఆలస్యానికి వేరే రుసుము ఉంటుంది. ఏళ్ల తరబడి నిలిచిన కారుకు అది ఎంత అవుతుందో బేరానికి ముందే రవాణా కార్యాలయంలో లెక్క కట్టించుకోవాలి. కార్యాలయం ముందుకు బండిని తీసుకెళ్లి, జనం బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారికి చూపించాలి. అంటే పునరుద్ధరణ జరగాలంటే బండి ముందు బాగుపడాలి, డబ్బు ముందే పెట్టాలి.

పాయకరావుపేటకు ఒక చిక్కు ఉంది. నది దాటితే జిల్లా మారుతుంది. ఇటు పక్క ఇంట్లో ఉన్న కారు అటు తుని వైపు రిజిస్టరు అయి ఉండవచ్చు. 1989 తరువాతి బళ్లకు నంబరులోనే గుర్తు తెలుస్తుంది: ఏపీ 31 విశాఖపట్నం, ఏపీ 5 తూర్పు గోదావరి. అంతకుముందువాటికి పాత పుస్తకంలోని కార్యాలయం ముద్రే ఆధారం. కంప్యూటరులోకి ఎక్కని పాత రికార్డు అయితే అసలు రిజిస్టరు వెతికించి నమోదు చేయించుకునే పని ఒకటి అదనంగా పడుతుంది. ఆ ఓపికకు కూడా వెల ఉంది.

యజమాని కాలం చేసి ఉంటే, నిలిచిపోయిన కార్లలో ఇది చాలా తరచు, వారసుల్లో ఒకరి పేరుకు ముందు 31వ నంబరు ఫారంతో మార్పించాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. కారు అందరిదీ అయిన ఇంట్లో ఒక్కరితో కుదిరిన ధర అసలు ధర కాదు. కొనేవారు మొదటి రోజునే "మిగతావాళ్లు ఏమంటున్నారండీ" అని అడగడం మర్యాదకు భంగమేమీ కాదు. అమ్మకానికి 29, 30 నంబరు ఫారాలు కావాలి. ఎప్పుడో తీర్చేసిన బ్యాంకు అప్పు పుస్తకంలో మిగిలిపోయి ఉంటే 35వ ఫారం కావాలి. ఆ బ్యాంకు శాఖే ఇప్పుడు వేరే బ్యాంకులో కలిసిపోయి ఉండవచ్చు.

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు పుస్తకంతో సరిపోవాలి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు వస్తుంది. 1980, 90లలో పెట్రోలు అంబాసిడర్లకు డీజిలు ఇంజను కట్టించుకున్నవారు చాలామంది. ఆ మార్పు పుస్తకంలోకి ఎక్కకపోతే పునరుద్ధరణ ఆగుతుంది. ఎక్కినా పాతకార్ల ప్రియుల దృష్టిలో అది అసలు బండి కాదు. రెండు విధాలా ధర తగ్గుతుంది.

50 ఏళ్లు నిండిన కార్లకు 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ కొత్త దారి తెరిచింది. తొలి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, ఒళ్లు, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో రాష్ట్రం గుర్తు తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000. గడువు 10 ఏళ్లు. మార్క్ 2 అంబాసిడర్లు, హెరాల్డులు ఇప్పటికే ఈ వయసు దాటాయి; మార్క్ 3లు, పద్మినీలు ఒక్కొక్కటే దాటుతున్నాయి. అయితే ఇలా నమోదైన వాహనం ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప మామూలుగా తిరగరాదు, కిరాయికి తిప్పరాదు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిద్దామని కొనేవారికి ఇది విలువను తగ్గిస్తుంది, సేకరించేవారికి పెంచుతుంది. ఒకే కారుకు ఇద్దరు కొనుగోలుదారులు రెండు నిజాయితీ గల ధరలు చెప్పడానికి ఇదొక కారణం.

లెక్క

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇందులోని అంకెలన్నీ పద్ధతి చూపడానికి అనుకున్నవే. 1977 నాటి మార్క్ 3 పెట్రోలు అంబాసిడర్, అన్ని భాగాలూ ఉన్నాయి, ఇంజను పట్టేసింది, ఫ్లోరు తినేసింది. బాగుపడ్డాక ఇలాంటిది 4,00,000 రూపాయలు పలుకుతుందనుకుందాం. టింకరింగు, రంగు 1,10,000, ఇంజను 60,000, బ్రేకులు, క్లచ్, పెట్రోలు వ్యవస్థ 25,000, టైర్లు, బ్యాటరీ 30,000, వైరింగు 20,000, సీట్లు, రెక్సిన్ 25,000, కాగితాలు 30,000, మోసుకెళ్లే లారీ 10,000. మొత్తం 3,10,000. మిగిలేది 90,000. కనపడని లోపాలకు ఖర్చులో 15 శాతం, అంటే 46,500 తీస్తే 43,500.

కింది హద్దు పాత ఇనుము ధర. అంబాసిడర్ బరువు దాదాపు 1,100 కిలోలు. కిలో 30 రూపాయలనుకుంటే 33,000. అంటే ఈ కారు న్యాయమైన ధర తుక్కు ధరకు కొద్దిగా పైన మాత్రమే. వినడానికి కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు ఒక్కో అంశం మార్చి చూస్తే ఏది ఎంత బరువో తెలుస్తుంది. ఇంజను చేత్తో తిరిగింది, దాని ఖర్చు 20,000కు దిగింది అనుకుంటే ధర 89,500 అవుతుంది. దానితోపాటు ఫ్లోరు కూడా గట్టిగా ఉండి టింకరింగు, రంగు 50,000తో సరిపోతే 1,58,500. ఇక అంతా బాగుండి కాగితాలు మాత్రం ఎన్నటికీ దొరకవనుకుందాం. బాగుపడ్డాక కూడా అది హోటలు ముందో, సినిమా సెట్టులోనో నిలబెట్టే వస్తువు. దానికి 1,50,000 వస్తుందనుకున్నా, కాగితాల పద్దు తీసేశాక ఖర్చే 1,80,000. అంటే అది విడిభాగాల ధరకు తప్ప అమ్ముడుపోదు.

లెక్కలో మొదటి అంకె, బాగుపడ్డాక పలికే ధర, అన్నిటికంటే ఎక్కువగా సాగదీసేది. అమ్మకానికి పెట్టినవారు అడిగే అంకె దానికి ఆధారం కాదు; చేతులు మారిన సొమ్మే ఆధారం. ఒకే మోడల్, దగ్గరి సంవత్సరం, ఇదే రకం కాగితాలు ఉన్న రెండు మూడు అమ్మకాల వివరాలు మేస్త్రీల ద్వారా, పాతకార్ల క్లబ్బుల ద్వారా సేకరించుకోవాలి. విశాఖపట్నం ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్లే. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లకు కోర్టు ఆంక్షలు ఉండటంతో అక్కడి ధరలు వేరుగా నడుస్తాయి; వాటిని ఇక్కడ పోలికకు తీసుకోరాదు.

వర్తకుడి ద్వారా కొంటే మరో సంగతి. 2025 జనవరి 25 నుంచి రిజిస్టరైన వ్యాపారి పాతకారు అమ్మితే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఇంటివారి దగ్గర నేరుగా కొంటే అది లేదు.

అసలుదనం విలువ

నిలిచిపోయిన కారు కొన్ని సందర్భాల్లో బాగుచేసినదాన్ని మించి పలుకుతుంది. 2009 ఫిబ్రవరిలో పారిస్ వేలంలో 1937 నాటి బుగాటి టైప్ 57 ఎస్ దాదాపు 34 లక్షల యూరోలకు అమ్ముడైంది. ఇంగ్లండులోని ఒక వైద్యుడి గ్యారేజీలో అది 1960ల నుంచి కదలకుండా ఉంది. 2015 ఫిబ్రవరిలో అదే నగరంలో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ బయ్యోఁ సేకరణలోని 59 కార్లను వేలం వేసింది. పాత పత్రికల గుట్టల కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒక్కటే 1 కోటి 60 లక్షల యూరోలు దాటింది. హైదరాబాదులో ఆరో నిజాం కోసం తయారుచేయించిన బార్కర్ కంపెనీ ఒళ్లు గల పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ బాగుపడి చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిచింది. వీటిలో ప్రతిదానికీ తిరుగులేని వంశవృక్షం, అరుదైన సంఖ్య ఉన్నాయి. ఈ వార్తలు చదివి మార్క్ 4 అంబాసిడర్‌కు రేటు పెంచడం సరికాదు.

కానీ వీటి వెనక ఉన్న సూత్రం చిన్న కారుకూ వర్తిస్తుంది. కంపెనీ వేసిన రంగు, మొదటి సీటు గుడ్డ, కొన్ననాటి రసీదు, సర్వీసు పుస్తకం, డీలరు అంటించిన చిన్న రేకు పలక ఉంటే, ఒకే ఇంటి చేతిలో ఉన్న కారైతే, మొదటి అంకెను పెంచుకోవడం న్యాయమే. అలాంటి కారును నున్నగా గీకి కొత్తగా చేస్తే ఆ విలువ తిరిగిరాదు. 1950ల ఫియట్లు, మార్క్ 1 అంబాసిడర్ల విషయంలో ఇది చాలా ముఖ్యం. బాగుచేయడం కంటే కాపాడటం వాటికి సరైన మాట.

బేరం కుదిరాక

బీమా కంపెనీల పట్టిక అయిదేళ్ల కారు దాకానే తరుగుదలను లెక్కిస్తుంది, అయిదో ఏటికి 50 శాతం. ఆ పైన విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. అందుకే ఫొటోలు, మేస్త్రీ రాసిచ్చిన అంచనా, ఖర్చుల బిల్లులు దాచుకోవాలి. అవే రేపటి విలువకు సాక్ష్యం.

బయానా ఇచ్చేటప్పుడు కాగితం రాసుకోవాలి. కారుతోపాటు ఏ భాగాలు వస్తాయి, పేరు మార్పు ఖర్చు ఎవరిది, వారసుల సంతకాలు ఎప్పటిలోగా, పాత రికార్డు దొరకకపోతే బయానా తిరిగి ఇస్తారా అన్నవి అందులో ఉండాలి. బండిని తాడు కట్టి లాగించకుండా లారీ మీదే తీసుకెళ్లాలి, పట్టేసిన బ్రేకులతో పాత టైర్ల మీద తాండవ వంతెన కూడా దాటదు. అమ్మినవారు డబ్బు ముట్టిందని ఊరుకోరాదు. పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని వారే. రిజిస్టరులో పేరున్న వ్యక్తే ప్రమాదాలకు బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో మరోసారి తేల్చింది. అందుకే ధరలో కొంత భాగాన్ని పేరు మార్పు పూర్తయ్యాక ఇచ్చేలా మాట్లాడుకునే పద్ధతి ఇద్దరికీ మంచిది. కొన్నవారికి కాగితాలు చేతికొస్తాయి, అమ్మినవారి పేరు రిజిస్టరులోంచి తొలగుతుంది.